మిరియం మేడమ్ బొమ్మల అర

ఆ గ్రంథాలయంలో కొత్తగా చేరినవారికి పాతవారు మొట్టమొదట చెప్పే మాట ఒకటుండేది. "ఏం చదవాలో తోచకపోతే పైఅంతస్తులో మిరియాన్ని అడగండి. అడిగాక మాత్రం ఎదురు చెప్పకండి."

మనిషి పొట్టి, చామనచాయ, గుండ్రని ముఖం. కోపం ముక్కుమీదే ఉండేది. కళ్ళజోడు కూడా అక్కడే ఉండేది గనుక ఆ రెండూ ఒకదానితో ఒకటి సర్దుకుని కాపురం చేసేవి. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు. ఎదుట ఉన్నంతసేపూ 'మేడమ్' అనేవారు, మెట్లు దిగుతూ 'మిరియం' అనేవారు. ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. "పోనీలెండి, బెల్లం అన్నారు కాదు. చీమలు పట్టేవి," అనేది భర్తతో.

చదువరికి తగిన పుస్తకాన్ని చేతికందించడం ఆమె ఉద్యోగం. నవలల విభాగం చివర, కిటికీకి వీపు పెట్టి ఒక బల్ల. బల్లకు ఇటు ఆమె కుర్చీ, అటు వచ్చినవారి కుర్చీ. "మీకెలాంటివి నచ్చుతాయి?" అని ఆమె ఎన్నడూ అడిగేది కాదు. నచ్చినవాటి గురించి మనుషులు గొప్పలు చెప్పుకుంటారని ఆమె నమ్మకం. "ఈమధ్య ఏ పుస్తకాన్ని సగంలో పారేశారు? సరిగ్గా ఎక్కడ పారేశారు?" అని అడిగేది. వచ్చినవారు నీళ్ళు నమిలితే, నమలడం పూర్తయ్యేదాకా ఓపికగా ఆగేది. ఆమెలో ఓపిక ఉండేది ఆ ఒక్క ప్రశ్న దగ్గరే. జవాబు విన్నాక లేచి, అరల మధ్యకు వెళ్ళి, తిన్నగా ఒక పుస్తకం తెచ్చి ఇచ్చేది. అది గురి తప్పడం అరుదు.

నవలల అరలకూ యాత్రాకథనాల అరలకూ నడుమ ఒక ఇనుప అర ఉండేది. అది ఆమె పోరాడి సంపాదించుకున్నది. బొమ్మల్లో చెప్పిన పెద్దల కథలు, గ్రాఫిక్ నవలలు, పాత కామిక్కుల సంపుటాలు అందులో ఉండేవి. వాటిని పిల్లల గదిలో పెట్టమన్న ప్రతి పెద్దమనిషితోనూ ఆమె జగడమాడింది. "ఇందులో యుద్ధం ఉంది, విడాకులు ఉన్నాయి, తల్లిని పాతిపెట్టిన కొడుకు ఉన్నాడు. ఇవి పిల్లల పుస్తకాలైతే మీరు చదివే నవలలు ఉయ్యాలకు వేలాడదీసుకోండి," అని ముఖానే అనేసేది.

ఆ అరలోని పుస్తకాలకు ఆమె పెట్టిన నియమం వేరు. నవలల్లో ఆరితేరిన చదువరి ఎవరైనా మొదటిసారి గ్రాఫిక్ నవల అడిగితే, దాన్ని వెంటనే ఇంటికివ్వదు. ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి, మొదటి కొన్ని పేజీలు తన ముందే చదివిస్తుంది. అదీ ఎలాగంటే, మాటల బుడగలన్నిటిమీదా సన్నని కాగితం ముక్కలు పరిచి, మాటలు కనపడకుండా.

"మేడమ్, నాకు చదవడం వచ్చు," అనేవారు ఉడుక్కుని.

"వచ్చు. అదే చిక్కు. మీ కళ్ళు అక్షరం కనపడగానే దానిమీద వాలిపోతాయి, మిగతా పేజీ గోడ అనుకుంటాయి. ఆ బొటనవేలు కాస్త ఆపండి. ఇంకా చూడలేదు మీరు."

వాళ్ళు పుస్తకాన్ని చూస్తుంటే ఆమె వాళ్ళ ముఖం చూసేది. ఎక్కడ కనుబొమ్మ కదిలింది, ఎక్కడ పెదవి బిగిసింది, ఎక్కడ బొటనవేలు తొందరపడింది అని గమనించి, ఒక్కొక్కసారి పుస్తకం లాగేసుకుని, "ఇది మీకొద్దు. ఇప్పుడొద్దు," అని వేరేది తెచ్చేది. కాగితం ముక్కలు పాఠం నేర్పడానికి. ఎదురుగా కూర్చోబెట్టడం మాత్రం మనిషిని చదవడానికి. ఈ రెండో సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఈ పద్ధతికి ఒక పుట్టుక ఉంది. చిన్నప్పుడు చిత్తుకాగితాల దుకాణంలో దొరికిన చిరిగిన కామిక్కులను ఆమె పరుపు కింద దాచుకునేది. తల్లి పనికి వెళ్ళే మనిషి గనుక చెల్లెలికి అక్షరాలు నేర్పే భారం అక్కమీద పడింది. అక్క చదువుల పిచ్చిది. వంటింట్లో ఒక చేత్తో కలియబెడుతూ మరో చేత్తో నవల పట్టుకునేది. చెల్లెలు కామిక్కు తీస్తే పక్కన కూర్చుని, బొమ్మమీద అరచెయ్యి అడ్డుపెట్టి, "అక్షరాలు చదువు. బొమ్మ చూసి కథ చెప్పేస్తే చదువొచ్చినట్టు కాదు," అనేది. ఆ అరచేతి కింద ఏముందోనన్న ఆరాటంలోనే చెల్లెలు గబగబా చదవడం నేర్చుకుంది. నేర్పినందుకు కృతజ్ఞత ఉంది. అడ్డుపెట్టినందుకు కోపమూ ఉంది. పెద్దయ్యాక ఆమె మాటలమీద కాగితం ముక్కలు పరిచినప్పుడల్లా, ఆ అరచేతికి బదులు తీర్చుకుంటున్నట్టే ఉండేది.

ఆ అక్కే ఇప్పుడు గ్రంథాలయంలో శనివారం సాయంత్రాలు కూడే చదువరుల బృందానికి పెద్ద. వయసు పైబడినా నిటారుగా నడుస్తుంది. పుస్తకం పేరు ఎత్తితే రచయిత ఎక్కడ అలిసిపోయాడో చెప్పగలదు. బృందమంతా ఆమెను 'పెద్దక్క' అనే పిలుస్తారు. పెద్దక్క బాగుందన్న పుస్తకం కోసం మర్నాటినుంచీ జనం వరస కడతారు. పెదవి విరిస్తే ఆ పుస్తకానికి దుమ్మే గతి.

అటువంటి రోజుల్లో కొత్త అధికారి వచ్చాడు. చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా, అంతకంటే చక్కగా ఇస్త్రీ చేసిన మాట. పైఅంతస్తంతా ఒకసారి తిరిగి చూసి, ఇనుప అర దగ్గర ఆగాడు.

"మేడమ్, పోటీ పరీక్షల గైడ్లకు చోటు చాలడం లేదు. ఈ బొమ్మల పుస్తకాలు కింద పిల్లల గదికి పంపించేద్దాం."

"పిల్లల గది పుస్తకాలు పెద్దల కార్డుమీద ఇవ్వరు సార్. మీ నిబంధనే."

"అవును. అయితే?"

"అయితే ఏముంది? ఇవి ఇక పెద్దల చేతికి అందవు. పిల్లలు తీసుకెళ్ళి మీసాలు గీస్తారు. పెద్దలకు రాసిన పుస్తకాన్ని పెద్దలు ముట్టుకోకుండా చేయడానికి ఇంతకంటే మంచి ఉపాయం ఉండదు. నిప్పుపెట్టినా కాస్త మర్యాదగా ఉండేది."

అధికారికి జగడం అలవాటు లేదు. ఆయన ఒక దారి చూపించాడు. శనివారం బృందంలో అందరూ గట్టి చదువరులే గదా. వాళ్ళకు ఈ అరలోంచి ఒక పుస్తకం ఇవ్వండి. వాళ్ళు చదివి, ఇది పెద్దలు చదవదగిన పుస్తకమేనంటే అర ఇక్కడే ఉంటుంది. కాదంటే కిందికి. "మీ అక్కగారే గదా పెద్ద. మీకేం భయం?" అన్నాడు నవ్వుతూ.

మా అక్కే గనుకనే భయం, అనుకుంది మిరియం.

ఏ పుస్తకం ఇవ్వాలన్నది ఆమె క్షణం కూడా ఆలోచించలేదు. కొన్ని ప్రతులు తెప్పించి ఎందరిచేతనో చదివించిన 'రేవు పుస్తకం' ఒకటుంది. అట్టమీది పేరు ఎవరికీ గుర్తుండదు. రేవు కథ గనుక అందరూ అలాగే అంటారు. ఓడలో పనిచేసే భర్త కోసం ఎదురుచూసే ఒక ఇల్లాలి కథ అది. చివరి అధ్యాయంలో ఆయన ఇంటికొస్తాడు. "వచ్చావా? ఆలస్యమైందేం?" "గాలి ఎదురు తిరిగింది." "తిన్నావా?" "నీ చేతి తిండి కోసమే ఆగాను." బుడగల్లో ఉన్న మాటలివి. మాటలు మాత్రమే చదివితే మొగుడూ పెళ్ళాలు ముచ్చటగా కబుర్లాడుకుంటున్నట్టుంటుంది. కానీ ఏ మాట ఎవరిదో చెప్పేది బుడగకుండే తోక గదా. ఆ అధ్యాయంలో ఆమె ప్రశ్నకున్న తోకా, ఆయన జవాబుకున్న తోకా, రెండూ ఆమె నోటివైపే తిరిగి ఉంటాయి. గుమ్మం దగ్గర ఒక్క జత చెప్పులే ఉంటాయి. కుర్చీ చివరి పేజీ దాకా వెనకనుంచే కనిపిస్తుంది. చివరి బొమ్మ గడిలో ముందునుంచి కనిపిస్తుంది. అందులో ఎవరూ ఉండరు.

మాటలు చెప్పే కథ ఒకటి, బొమ్మ చెప్పే కథ ఒకటి. ఏ నవలా చేయలేని పని ఇది. దీనికి ఎదురు నిలిచే నోరు ఆ బృందంలో లేదని ఆమె ధీమా.

మర్నాడు అక్క వచ్చి ప్రతి అడిగింది.

"కూర్చో అక్కా. మొదటి పేజీలు ఇక్కడే చదవాలి."

"నేనా? నీ ముందా? కాగితం ముక్కలు అడ్డంపెట్టుకునా?" అక్క కళ్ళజోడు పైనుంచి చూసింది. "నీకు అక్షరాలు దిద్దించినదాన్నే నేను. నీ ముందు చిన్నపిల్లలా కూర్చోమంటావా? ఇటివ్వు."

చుట్టూ మనుషులున్నారు. మిరియానికి ఒళ్ళు మండింది. "తీసుకో. నీ ఇష్టం వచ్చినట్టు చదువుకో," అని పుస్తకం బల్లమీద పెట్టింది. ఇవ్వలేదు, పెట్టింది. బృందంలో మిగతావారూ పెద్దక్క దారే పట్టి, కూర్చోకుండానే ప్రతులు పట్టుకెళ్ళారు.

శనివారం సాయంత్రం పైఅంతస్తులో పెద్దబల్ల చుట్టూ బృందం కూడింది. అధికారి ఒక మూల కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మిరియం అరకు ఆనుకుని నిలబడింది, ఎవరైనా ఎత్తుకుపోతారేమో అన్నట్టు.

మందుల షాపు ఆయన ముందు అందుకున్నాడు. ఆయన మంచివాడు; ఆ మంచితనం ఆ రోజు ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. "బాగుంది మేడమ్. హాయిగా ఉంది. మా మనవడికి కూడా చదివి వినిపించాను. చక్కగా నిద్రపోయాడు."

"నేను టీ పోసుకుని మొదలుపెట్టాను. టీ చల్లారేలోపల పుస్తకం అయిపోయింది," అంది పళ్ళ డాక్టరమ్మ. "ఏమీ అనుకోకండి, ఇంతేనా అనిపించింది. బొమ్మలు మాత్రం నీట్‌గా ఉన్నాయి."

"నీట్‌గా," అంది మిరియం. పళ్ళ మధ్యనుంచి వచ్చింది ఆ మాట.

అందరూ పెద్దక్క వైపు తిరిగారు. అక్క పుస్తకం తెరవలేదు. అట్టమీద అరచెయ్యి బోర్లించి పెట్టి ఉంచింది. గొంతు ఎప్పటిలాగే స్పష్టంగా ఉంది.

"కథ సుఖాంతం. ఆయన తిరిగొచ్చాడు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. అంతకంటే చెప్పుకోవలసినదేమీ లేదు ఇందులో."

"వచ్చాడా?" అంది మిరియం.

"వచ్చాడు."

"ఏ పేజీలో వచ్చాడక్కా? చూపించు."

"చివరి అధ్యాయమంతా మాట్లాడుతూనే ఉన్నాడుగా!" అన్నాడు మందుల షాపు ఆయన, సాయం చేయబోయి.

"మీరుండండి. నేను మా అక్కను అడుగుతున్నాను."

అక్క అరచెయ్యి అట్టమీదనుంచి కదల్లేదు. ఆ అరచెయ్యి చూసేసరికి మిరియానికి ఎన్నేళ్ళదో కోపం ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"నీకు చదవడం రాదక్కా! ఇన్నేళ్ళు నువ్వు చదివింది సగం చదువే. చిన్నప్పుడు నా బొమ్మలమీద అరచెయ్యి పెట్టావు. ఊరుకున్నాను. ఇప్పుడు నీ కళ్ళమీదే పెట్టుకున్నావు. నిన్ను చూసి వీళ్ళందరూ పెట్టుకున్నారు. పెద్దక్క అట పెద్దక్క! గుడ్డివాళ్ళ బృందానికి పెద్ద!"

అసలు సంగతేమిటో అక్కడే చెప్పేస్తే సరిపోయేది. కానీ చదువరికి కథ ఆఖరు చెప్పేయడం ఆమె వృత్తిలో మహాపాపం. అంత కోపంలోనూ, నాలుక చివరిదాకా వచ్చిన ఆ మాటను మింగేసింది.

అక్క లేచింది. సంచి భుజాన వేసుకుంది. "సార్, ఇవి పిల్లల పుస్తకాలే. కిందికి పంపించేయండి," అని అధికారితో చెప్పి, చెల్లెలి వైపు చూడకుండా మెట్లు దిగింది.

ఇంటికి వెళ్ళాక గిన్నెలన్నీ ఆమె కోపాన్ని చవిచూశాయి. భర్త దర్జీ, ముందుగదిలోనే మిషను. లోపలి చప్పుళ్ళు విని కాలు ఆపాడు.

"ఇవాళ ఎవరు?"

"మా అక్క. బొమ్మ చూడటం రాదండీ ఆవిడకు. అంత పుస్తకం చదివి, ఆయన తిరిగొచ్చాడంటుంది. కుర్చీ కనపడలేదట! తోకలు కనపడలేదట!"

దర్జీ సూది నోట్లోంచి తీసి సూదుల దిండుకు గుచ్చాడు. "మీ అక్క మందు సీసా మీది చీటీ కూడా చివరి అక్షరం దాకా చదివి గాని మూత తీయదు. మొన్న ఈ జాకెట్టుకు కుట్టు ఒక్కచోట ఒంకర పోతే, గుమ్మంలోంచే పట్టుకుంది. అంతటి మనిషికి కుర్చీ కనపడలేదంటే నేను నమ్మను."

"అయితే ఏమంటారు?"

"నేనేమంటాను? నేను కుట్టు మనిషిని. కుట్టు కనపడలేదన్నవాళ్ళలో సగంమంది చూసి దాచినవాళ్ళే."

ఆమె కసురుకుంది. కాని ఆ మాట రాయిలా లోపల పడింది. మర్నాడు మధ్యాహ్నం, మిగిలిన జగడం పూర్తి చేయాలన్న నెపంతో, అక్క ఇంటికి బయలుదేరింది.

అక్క ఉండేది మేడమీది వాటా. బావ రైలు గార్డుగా చేసేవాడు. సగం రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు. కిందటేడు పోయాడు. అప్పుడైనా అక్క నలుగురిలో ఏడవలేదు. నిండు గాంభీర్యంతో వచ్చినవారందరికీ మంచినీళ్ళిచ్చింది. తరవాతి శనివారమే బృందానికి వచ్చి, చేతిలోని నవలలో మూడో అధ్యాయం అనవసరమని తేల్చింది. ఎంత గుండె నిబ్బరమో అని అందరూ మెచ్చుకున్నారు. మిరియం కూడా మెచ్చుకుంది.

మెట్ల పైభాగాన చెప్పులు విడుస్తుంటే లోపలినుంచి అక్క గొంతు వినబడింది.

"కిటికీ వేసేయనా?"

కాస్త ఆగి, కాస్త బరువైన గొంతు. "వెయ్యి. దుమ్మొస్తోంది."

"టీ పెట్టనా మరి?"

"ఇప్పుడే గదా తాగాం."

"నేను తాగానా? నువ్వు తాగావు."

మిరియం ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. లోపల ఇంకెవరూ లేరు. గుమ్మం పక్కన ఒక్క జత చెప్పులే ఉన్నాయి. ఆ జతను ఆమె రోజూ ఒక పుస్తకంలో చూస్తూనే ఉంది.

తలుపు తోసింది. అక్క కిటికీ దగ్గర నిలబడి ఉంది. బావ కుర్చీ గుమ్మానికి వీపు పెట్టి ఉంది.

"విన్నావా?" అంది అక్క.

"విన్నాను."

"అయితే ఇక చాలు. వెళ్ళు."

"అక్కా, నువ్వు చూశావు."

"చూశానే! ప్రతి గడీ చూశాను. చెప్పులు చూశాను, కుర్చీ చూశాను, నీ వెధవ తోకలూ చూశాను. ఒక్కసారి కాదు, తెల్లారేదాకా చూశాను." అక్క గొంతులో ఉన్నది ఏడుపు కాదు, కోపమే. "ఆ పుస్తకం గీసినవాడికి నా ఇంటి కిటికీ ఎవరు తెరిచారే? నలుగురినీ కూర్చోబెట్టి, ఏ పేజీలో వచ్చాడక్కా చూపించు అంటావా? చూపించమంటావా నన్ను? ఆయన ఏ పేజీలోనూ రాలేదని నేను అందరి ముందూ నా నోటితో చెప్పాలా?"

మిరియం చేతిలో ఉండిపోయిన చెప్పును గుమ్మం బయట పెట్టింది.

"ఎందుకిచ్చావు నాకా పుస్తకం?"

అబద్ధమాడదామనుకుంది. ఆడలేకపోయింది. "గెలవడానికి."

"అంటే నన్ను చూసి ఇవ్వలేదు. ఊళ్ళో ఎవడో ముక్కూ ముఖం తెలియనివాడు వస్తే, ఎక్కడ పుస్తకం పారేశావు నాయనా అని కూర్చోబెట్టి అడుగుతావట. అక్కకు మాత్రం చేతికందింది పారేస్తావు."

"నువ్వు నా ముందు కూర్చోనన్నావుగా!"

"కూర్చుంటే ఏం చేసేదానివి?"

"మొదటి పేజీకే లాగేసుకునేదాన్ని," అంది మిరియం. ఆ మాట నిజం గనుకనే ఆమెకు తనమీద తనకు పట్టరాని కోపం వచ్చింది. ఓడ, ఎదురుచూపు, కుర్చీ; గార్డు పెళ్ళానికి ఎవరైనా ఇచ్చే పుస్తకమేనా అది? తెలియనివాళ్ళ కనుబొమ్మలు చదివే మనిషి, సొంత అక్క ముఖాన్ని ఏడాదిగా గోడ అనుకుని దాటిపోయింది. తనమీది కోపం నిలవడానికి చోటు చాలక, మళ్ళీ అక్కమీదికే పొర్లింది.

"సరే, తప్పు నాదే. కాదనను. నీ దుఃఖం నీది, ఎవరికీ చూపించనక్కరలేదు. చదవనని చెప్పొచ్చు. ఇష్టం లేదనొచ్చు. దాన్ని కప్పుకోవడానికి నా అరే దొరికిందా? మంచి పుస్తకాన్ని పట్టుకుని ఏమీ లేదంటావా? ఏమీ లేకపోతే తెల్లారేదాకా ఎందుకు చూశావు?"

"వెళ్ళవే," అంది అక్క. ఈసారి నెమ్మదిగా అంది.

సోమవారం తోపుడుబండి వచ్చింది. పుస్తకాలు కిందికి దిగుతుంటే మిరియం ప్రతి కట్టకూ అడ్డం వెళ్ళి, "తలకిందులుగా పెట్టకు, అట్ట నలుగుతుంది," అని అరిచింది. ఆపే అధికారం లేదు; అరిచే అధికారం ఎవరూ తీసుకోలేదు. పిల్లల గదిలో గోడకు ఏనుగుల బొమ్మలు, నేలమీద రంగు పెన్సిళ్ళు, మోకాలెత్తు కుర్చీలు. యుద్ధమూ విడాకులూ తల్లిని పాతిపెట్టిన కొడుకూ ఏనుగు తొండం కింద సర్దుకున్నారు. పైన ఖాళీ అయిన అరలో పరీక్షల గైడ్లు, ఒకే రంగు చొక్కాలు తొడిగినట్టు నిలబడ్డాయి.

శనివారం అక్క వస్తుందని ఆమె అనుకోలేదు. కాని సాయంత్రం పెద్దబల్ల దగ్గరకు అక్కే అందరికంటే ముందు వచ్చింది. మనుషులు కుదురుకున్నాక, "రేవు పుస్తకం తెచ్చారా అందరూ? చివరి అధ్యాయం తీయండి," అంది. మళ్ళీ చెల్లెలి వైపు తిరగకుండానే చెయ్యి చాపింది. "నీ కాగితం ముక్కలివ్వవే."

మిరియం సొరుగు తీసి ఇచ్చింది. అక్క తన చేత్తోనే, పొందికగా, ఒక్కొక్క బుడగలోని మాటలను కప్పింది. తోకలు మాత్రం వదిలేసింది. మిగతావారు చూసి అలాగే చేశారు.

"ఇప్పుడు చదవండి. తొందరపడకండి."

పళ్ళ డాక్టరమ్మ ఒక పేజీ వెనక్కు తిప్పింది, మళ్ళీ ముందుకు తిప్పింది. కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"ఇదేంటి, రెండు తోకలూ ఆవిడవైపే..." అని మొదలుపెట్టిన మందుల షాపు ఆయన అక్కడే ఆగిపోయాడు. చివరి గడి చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది. "దీన్నా నేను మావాడికి చదివి నిద్రపుచ్చింది!"

"పోయినవారం నేను అబద్ధం చెప్పాను," అంది అక్క. "ఆయన రాలేదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. ఎందుకలా చెప్పానో మీకు అనవసరం. ఇది పెద్దలు చదవవలసిన పుస్తకం. పెద్దలు కూడా ఓర్చుకోగలిగినప్పుడే చదవవలసిన పుస్తకం. అధికారిగారిని పిలవండి."

అధికారి వచ్చాడు, విన్నాడు, ఇబ్బందిగా నవ్వాడు. "మేడమ్, గైడ్లు సర్దేశాం గదా. మళ్ళీ అన్నీ పైకి మోయించడమంటే..."

"అయితే ఈ పుస్తకం చదివిన పిల్లవాడెవరైనా వచ్చి, ఆవిడ ఎవరితో మాట్లాడుతోందని అడిగితే, జవాబు మీరే చెప్పండి," అంది అక్క.

అధికారి పుస్తకం అందుకుని చివరి పేజీ చూశాడు. ఇస్త్రీ కాస్త నలిగింది. ఆయన గైడ్లను కదపలేదు. నిబంధనను మాత్రం కదిపాడు. ఆ బొమ్మల పుస్తకాలను పెద్దల కార్డుమీద ఇవ్వొచ్చు, పెద్దలు పిల్లల గదిలో కూర్చుని చదువుకోవచ్చు, పిల్లలకు తగనివాటిని మిరియం మేడమ్ బీరువాలో పెట్టి తాళం తన దగ్గర ఉంచుకోవచ్చు అన్నాడు. అంతా ఎంతో సంతోషించారు. మిరియం సంతోషించలేదు.

"అంటే నవలలు మేడమీద, ఇవి ఏనుగు కింద. అద్దెకున్నవాళ్ళను వాకిట్లో పడుకోబెట్టినట్టు. ఇదీ న్యాయమేనా?" అని మెట్లన్నీ దిగేదాకా సణుగుతూనే ఉంది.

అలా ఆ ఊరి గట్టి చదువరులందరూ మోకాళ్ళు గడ్డానికి తగిలేలా పిల్లల కుర్చీల్లో కూర్చోవలసి వచ్చింది. మందుల షాపు ఆయన కూర్చుంటే కుర్చీ కనపడేది కాదు. "మేడమ్, లేవడానికి మాత్రం మనిషి సాయం కావాలి," అనేవాడు. "లేవకండి. ఆ పేజీ ఇంకా అవలేదు మీకు," అనేది ఆమె.

ఒక సాయంత్రం అక్క వచ్చింది. గదిలో ఇంకెవరూ లేరు. ఏనుగుల గోడ చూసింది, కుర్చీ ఎత్తు చూసింది, నిట్టూర్చింది.

"ఇంకోటి ఏదైనా ఇవ్వు."

"ఊరికే ఇవ్వను. కూర్చో."

అక్క ఆ బుల్లి కుర్చీలో, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నిటారుగానే కూర్చుంది. మిరియం ఎదురుగా ఇంకో బుల్లి కుర్చీ లాక్కుంది.

"ఈమధ్య ఏ పుస్తకాన్ని సగంలో పారేశావక్కా?"

"ఏదీ పారేయలేదు. నేను పారేయనని నీకు తెలుసు." ఏనుగుల గోడవైపు చూస్తూ, "మీ బావ పోయినప్పటినుంచీ చదువుతున్నవేవీ గుర్తుండటం లేదు," అంది.

మిరియం లేచి, బీరువా తాళం తీసి, చాలాసేపు వెతికి ఒక పుస్తకం తెచ్చింది. అందులో ఓడల్లేవు, కుర్చీల్లేవు. మేడమీద కూరగాయలు పెంచుకునే ఇద్దరు ముసలి స్నేహితురాళ్ళు పొద్దస్తమానమూ పోట్లాడుకునే కథ. కాగితం ముక్కలు పరిచింది. అక్క పుస్తకంలోకి వంగింది. చెల్లెలు అక్క ముఖంలోకి చూస్తూ కూర్చుంది.

"తిప్పకు. ఇంకా చూడలేదు నువ్వు."

"చూశానే."

"చూడలేదు. ఆ పిల్లి ఎక్కడుందో చెప్పు చూద్దాం."

అక్క ఉడుక్కుంటూ పేజీ వెనక్కు తిప్పింది.